పలక మీద గీతలతో లెక్కలు చేసే మేక్

రాతి పలక అనగానే మన వైపు ఎవరికైనా మార్కాపురం గుర్తుకు వస్తుంది. మార్కాపురం, కంభం ప్రాంతాల్లో నేల కింద పలకరాయి ఉంది. వంద కోట్ల ఏళ్ళకు పైగా వెనక్కి వెళితే అది నీటి అడుగున పేరుకున్న మెత్తని బంకమన్ను. ఆ తరవాత పడిన ఒత్తిడికీ వేడికీ గట్టిపడి రాయి అయింది. ఒత్తిడి ఒక వైపు నుంచి బలంగా పడడం వల్లనే ఈ రాయిని ఉలితో తట్టితే పుస్తకంలో కాగితాల్లాగా పొరలు పొరలుగా విడివడుతుంది. ఆ పొరలతో చేసిన పలకలు ఒకప్పుడు ఎన్నో రాష్ట్రాల బళ్ళకు వెళ్ళేవి. నోటు పుస్తకాలు వచ్చాక పలక వాడకం బాగా తగ్గిపోయింది. అయినా ఇవాళ మనం చెప్పుకోబోయే కంప్యూటరు పాఠానికి ఒక పలకా, ఒక బలపం ముక్కా ఉంటే చాలు. కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు.

ముందుగా ఒక చిన్న పలకల కార్ఖానాని ఊహించుకోండి. ఒక మూల రాయిని పొరలుగా చీలుస్తున్నారు. ఇంకో మూల ఆ పొరల్ని కొలతకు కోసి నున్నగా రుద్దుతున్నారు. మరో పక్క చెక్కతో చట్రాలు చేస్తున్నారు. చట్రంలో రాతి పొరని బిగిస్తే పలక తయారయింది. ఇప్పుడు యజమాని వచ్చి, “చట్రం చెక్క బాగా లేదు, మార్చండి” అన్నాడనుకోండి. అప్పుడేం చేయాలి? చట్రాలు మళ్ళీ చేయాలి, పలకలు మళ్ళీ బిగించాలి. అంతేగాని గనికి వెళ్ళి రాయి తవ్వడం దగ్గర నుంచి మొదలుపెట్టనక్కర్లేదు గదా! దేని మీద ఏది ఆధారపడి ఉందో తెలిసినవాడికి ఏ పని మళ్ళీ చేయాలో, ఏది అక్కర్లేదో కూడా తెలుస్తుంది.

కంప్యూటరు ప్రోగ్రాములు తయారు చేయడంలోనూ సరిగ్గా ఇదే చిక్కు ఉంది. పెద్ద ప్రోగ్రామును ఒకే ఫైలులో రాయరు. వందలు, వేల ఫైళ్ళలో రాస్తారు. మనిషి రాసిన ప్రతి ఫైలునూ కంపైలర్ అనే మరో ప్రోగ్రాము యంత్రభాషలోకి మార్చాలి. మార్చిన ముక్కలన్నిటినీ ఒకటిగా అతకాలి. ఒక్క ఫైలులో ఒక్క వాక్యం దిద్దితే ఆ ఒక్క ఫైలునే మళ్ళీ మార్చి అతికితే చాలు. అయితే ఏ ఫైలు దిద్దామో, ఏది మార్చామో గుర్తు పెట్టుకోవడం మనిషి వల్ల అయ్యే పనేనా?

అమెరికాలో బెల్ లేబొరేటరీస్ అనే ప్రసిద్ధ పరిశోధనశాల ఉంది. అక్కడ స్టీవ్ జాన్సన్ అనే ఆయన ఒకనాడు పొద్దున్నుంచీ తన ప్రోగ్రాములో ఒక తప్పు కోసం వెతికాడు. నిజానికి ఆ తప్పుని ఆయన అప్పటికే దిద్దేశాడు! కాని దిద్దిన ఫైలుని మళ్ళీ యంత్రభాషలోకి మార్చడం మరిచిపోయాడు. అందుకని నడుస్తున్నది పాత ముక్కే. ఉదయమంతా వృథా అయిందని ఆయన విసుక్కుంటూ స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ అనే సహోద్యోగి గదిలోకి వెళ్ళాడు. ఆ విసుగులోంచి 1976లో ఫెల్డ్‌మన్ ఒక పనిముట్టు తయారు చేశాడు. దాని పేరు ‘మేక్’. ‘తయారు చెయ్యి’ అని అర్థం. మన మేకకీ, గోడకి కొట్టే మేకుకీ దీనితో ఏ సంబంధమూ లేదు! 2003లో ఫెల్డ్‌మన్‌కు ఈ పనిముట్టు కోసమే ఒక గొప్ప పురస్కారం ఇచ్చారు. లినక్స్ అనే పేరు మీరు వినే ఉంటారు. దాని కేంద్రభాగమైన కెర్నెల్‌ని ఇప్పటికీ మేక్‌తోనే తయారు చేస్తారు. రిచర్డ్ స్టాల్‌మన్, రోలండ్ మెక్‌గ్రాత్ రాసిన ‘గ్నూ మేక్’ అనే రూపం అన్నిటికన్నా ఎక్కువగా వాడుకలో ఉంది. ఇకమీదట మనం మేక్ అంటే అదే.

మేక్‌కి మనం ఒక కాగితం రాసి ఇస్తాం. అందులో “పలక కావాలంటే రాతి పొరా, చట్రమూ కావాలి, బిగించే పద్ధతి ఇదీ” అన్నట్టు సూత్రాలు ఉంటాయి. మేక్ ప్రతి ఫైలునీ చివరిసారి ఎప్పుడు దిద్దారో చూస్తుంది. పలక కంటే చట్రం కొత్తదైతే పలకని మళ్ళీ బిగిస్తుంది. కాకపోతే ఊరుకుంటుంది.

ఇంత పని చేసే మేక్‌ని ‘2కి 3 కలుపు’ అని అడిగితే దానికి చేతకాదు!

ఎందుకని? ఆ కాగితంలో మనం రాసేదంతా దాని దృష్టిలో అక్షరాలూ, మాటలూ మాత్రమే. 25 అంటే దానికి ఇరవై అయిదు కాదు. 2 అనే గుర్తు పక్కన 5 అనే గుర్తు ఉన్న ఒక మాట. 9, 10 అనే రెండు మాటల్ని వరసలో పెట్టమంటే 10ని ముందూ, 9ని వెనకా పెడుతుంది. నిఘంటువులో మొదటి అక్షరం చూసినట్టు, 9 కంటే 1 ముందు వస్తుంది గనక! నిఘంటువు వరసలో కంభం, గిద్దలూరు, మార్కాపురం అని వస్తాయి. గుంటూరు నుంచి నంద్యాల వైపు వెళ్ళే రైలెక్కి చూడండి: ముందు మార్కాపురం రోడ్డు, ఆ తరవాత కంభం, అటుపైన గిద్దలూరు. అక్షరాల వరసకి దూరాలు తెలియవు. సంఖ్యల పెద్దాచిన్నా కూడా దానికి అట్లాగే తెలియదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఫైలు దిద్దిన వేళలు పోల్చడానికి మేక్ తన కడుపులో సంఖ్యలే వాడుతుంది. కాని ఆ విద్యని మనకి అరువివ్వదు.

అసలు మేక్‌కి లెక్కలెందుకు అంటారేమో. ఒక చిన్న యంత్రంలో, బట్టలుతికే యంత్రం అనుకోండి, ప్రోగ్రాము పట్టే చోటు 32 కిలోబైట్లే. మనం తయారు చేసిన ప్రోగ్రాము 35 కిలోబైట్లు అయింది. అది పట్టదని తయారయ్యే సమయంలోనే తెలియాలి. ఇంకెంత చోటు మిగిలింది, తరవాతి భాగం ఎక్కడ మొదలవ్వాలి, ఇది ఎన్నో కూర్పు, దానికి ఒకటి కలిపితే ఎంత - ఇట్లాంటి చిన్న చిన్న లెక్కలు అడుగడుగునా తగులుతాయి.

బయటి ప్రోగ్రాముని పిలిచి ‘ఈ లెక్క చేసి పెట్టు’ అని అడగవచ్చు. చాలామంది అదే చేస్తారు. కాని ప్రతి లెక్కకీ ఒక కొత్త ప్రోగ్రాముని లేపాలి. వెయ్యి లెక్కలకి వెయ్యిసార్లు. ఆ బయటి ప్రోగ్రాము అన్ని కంప్యూటర్లలోనూ ఉంటుందన్న నమ్మకమూ లేదు. మరి మేక్‌కే లెక్కలు నేర్పలేమా?

నేర్పవచ్చు. మాటలతో పని చేసే సాధనాలు దానిలో కొన్ని ఉన్నాయి. వాటిలో సంఖ్యలతో సంబంధం ఉన్న రెండు మనకి పనికి వస్తాయి. ఒకటి ‘వర్డ్స్’: ఒక వరసలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టి చెబుతుంది. రెండోది ‘వర్డ్‌లిస్ట్’: వరసలో ఇన్నో మాట నుంచి ఇన్నో మాట దాకా కోసి ఇస్తుంది. మేక్ అనే ఇంటికి సంఖ్యలు రావడానికి ఒక కిటికీ, పోవడానికి ఒక కిటికీ అన్నమాట. ఈ రెండు కిటికీలతోటే జాన్ గ్రాహమ్ కమింగ్ అనే ఆయన కూడికలూ, తీసివేతలూ, గుణకార భాగహారాలూ చేసే సూత్రాలు రాసి, వాటిని ఒక చిన్న గ్రంథాలయంగా అందరికీ ఇచ్చాడు. ఆయన వాడిన కిటుకు అంకెలు రాని గొర్రెల కాపరికి కూడా తెలిసిందే. ఒక గొర్రెకు ఒక గీత!

ఇక పలక తీయండి. ఒక గీతకు బదులు ‘గీ’ అనే మాట రాద్దాం. అప్పుడు

3 అంటే: గీ గీ గీ
2 అంటే: గీ గీ

కూడిక ఎట్లా? పక్కపక్కన రాయడమే!

గీ గీ గీ గీ గీ

వర్డ్స్ చేత లెక్కపెట్టిస్తే 5 అంటుంది. మేక్‌కి కూడిక వచ్చేసింది. మరి సున్న? ఏమీ రాయని పలకే సున్న. ఖాళీ వరసను లెక్కపెట్టమంటే మేక్ 0 అని సరిగ్గానే చెబుతుంది. ఏ సంఖ్యకైనా ఖాళీని కలిపితే ఆ సంఖ్య మారదన్నది ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

గుణకారానికి ‘ఫోర్‌ఈచ్’ అనే సాధనం ఉంది. ‘ఒక్కొక్క మాటకీ ఇది రాయి’ అని దాని పని. 3ని 4తో గుణించాలంటే, 3లోని ఒక్కొక్క గీకీ నాలుగేసి గీలు రాయమంటాం:

గీ గీ గీ గీ, గీ గీ గీ గీ, గీ గీ గీ గీ

కామాలు మీకు చదవడానికి వీలుగా పెట్టాను. మేక్‌కి అవి ఉండవు. లెక్కపెడితే 12. రెండో తరగతిలో మీరు నేర్చుకున్న ‘గుణకారం అంటే పదే పదే కూడడం’ అన్న మాట ఇదే గదా.

తీసివేత దగ్గర జాగ్రత్త కావాలి. ‘జాయిన్’ అనే సాధనం రెండు వరసల్ని తీసుకుని మొదటి దానితో మొదటిదీ, రెండో దానితో రెండోదీ అతుకుతుంది. 5నీ 3నీ అట్లా అతికితే

గీగీ గీగీ గీగీ గీ గీ

అని వస్తుంది. జత కుదిరినవి ‘గీగీ’లుగా మారాయి, ఒంటరిగా మిగిలినవి రెండు. ‘ఫిల్టర్ అవుట్’ అనే జల్లెడతో గీగీలను ఏరి పారేస్తే మిగిలింది 2. బాగానే ఉంది. ఇప్పుడు 3లోంచి 5 తీసివేయండి. మళ్ళీ అదే వరస వస్తుంది, మళ్ళీ జవాబు 2! అతకడంలో ఏది ఎవరిదో గుర్తు మిగల్లేదు.

ఇది చిన్న పొరపాటని తీసిపారేయకండి. బట్టలుతికే యంత్రంలో చోటు 32, ప్రోగ్రాము 35. తీసివేస్తే 3 అని వస్తుంది. “ఇంకా 3 కిలోబైట్లు మిగిలాయి” అనుకుని మేక్ సంతోషంగా ముందుకు సాగిపోతుంది. అసలు జరిగింది 3 తక్కువ కావడం! అందుకని గ్రాహమ్ కమింగ్ సూత్రాల్లో తీసివేసే ముందు పెద్దది ఏదో తేల్చుకుంటారు. రెండోదే పెద్దదైతే హెచ్చరిస్తారు. పెద్దది తేల్చడానికి కూడా జాయిన్ చాలు. అతికిన వరసలోని గీగీలన్నిటినీ గీలుగా మార్చి లెక్కపెడితే రెండింటిలో పెద్ద సంఖ్య వస్తుంది. పై వరసలో చూడండి: మూడు గీగీలూ మూడు గీలవుతాయి, ఇంకో రెండు కలిస్తే 5. గీగీలు మాత్రమే ఉంచి లెక్కపెడితే చిన్న సంఖ్య 3 వస్తుంది. ఒకే అతుకులో పెద్దదీ, చిన్నదీ, తేడా మూడూ దాగి ఉన్నాయి!

ఇంకో ఉపాయమూ ఉంది. తీసివేయవలసిన సంఖ్యను గీతలతో కాక చుక్కలతో రాద్దాం. చుక్కకు బదులు ‘చు’ అందాం. 3లోంచి 5 తీసివేస్తే

గీచు గీచు గీచు చు చు

జతలు పోగా మిగిలినవి రెండు చుక్కలు. గీతలు మిగిలితే చేతిలో ఉన్నట్టు, చుక్కలు మిగిలితే అప్పు పడినట్టు. అంటే జవాబు ఋణ 2. ఋణసంఖ్య అనే పేరు ఎంత సార్థకమో చూశారా!

అన్నిటిలోకీ నాకు ఎక్కువ ముచ్చట వేసేది భాగహారం. బస్తాలు లెక్కపెట్టేవాళ్ళు గోడ మీద నాలుగు నిలువు గీతలు గీసి, అయిదోదాన్ని అడ్డంగా కొట్టి ఒక కట్ట చేయడం మీరు చూసే ఉంటారు. మేక్‌లో ‘సబ్‌స్ట్’ అనే సాధనం ఒక అక్షరాల వరస ఎక్కడ కనబడినా దాన్ని తీసి మరొకటి పెడుతుంది. 17ని 5తో భాగించాలి. 17 గీలు రాసి, ‘గీ గీ గీ గీ గీ’ అని ఎక్కడ ఉంటే అక్కడ ‘కట్ట’ అని పెట్టమందాం:

కట్ట కట్ట కట్ట గీ గీ

కట్టలు మూడు, అదే భాగఫలం. మిగిలిన గీలు రెండు, అదే శేషం. ఒక్క ఊపులో రెండూ వచ్చేశాయి. భాజకం 2 అయితే సరిసంఖ్యో బేసిసంఖ్యో కూడా ఇట్లాగే తేలిపోతుంది: ఏమీ మిగలకపోతే సరి, ఒక గీ మిగిలితే బేసి. సున్నతో భాగించమంటే మాత్రం ఎన్ని గీతలకి కట్ట కట్టాలో చెప్పనట్టే. కాబట్టి ఆ లెక్కను గుమ్మంలోనే ఆపేయాలి.

ఒక సందేహం మిగిలింది. మనం మేక్‌కి 17 అని అంకెల్లో రాసి ఇస్తే అది 17 గీతలు ఎట్లా గీస్తుంది? ఇక్కడ రెండో కిటికీ, వర్డ్‌లిస్ట్, పనికి వస్తుంది. ముందే ఒక పొడవాటి గీతల పట్టీ తయారు చేసి ఉంచుకుంటే, ‘1 నుంచి 17 దాకా కోసి ఇవ్వు’ అంటే చాలు. గుడ్డల కొట్లో తాను నుంచి మీటర్ల లెక్కన కోసినట్టు. ఆ పొడవాటి పట్టీని చేత్తో రాయనక్కర్లేదు. 16 గీతలు చేత్తో రాసి, గుణకారం చేసినట్టే ఒక్కొక్క గీతకీ 16, దానిలో ఒక్కొక్క దానికీ 16, మళ్ళీ ఒక్కొక్క దానికీ 16 రాయమంటే 16 × 16 × 16 × 16, అంటే 65,536 గీతల పట్టీ క్షణంలో తయారవుతుంది. గ్రాహమ్ కమింగ్ చేసింది అదే.

మరి 70,000 గీతలు కోసి ఇవ్వమంటే? పట్టీలో ఉన్నవి 65,536. వర్డ్‌లిస్ట్ ‘లేవు’ అనదు. ఉన్నవన్నీ ఇచ్చి ఊరుకుంటుంది. మన 70,000 కాస్తా నోరెత్తకుండా 65,536 అయిపోతుంది. తప్పు జవాబు ఇవ్వడం కంటే, తప్పని చెప్పకుండా ఇవ్వడం ప్రమాదం. ఈ సూత్రాలు వాడేవాళ్ళు పట్టీ పొడవెంతో తెలుసుకుని వాడాలి.

పట్టీని ఇంకా పొడవు చేస్తే? చేయవచ్చు, కాని గీతల పద్ధతికి చేటు అక్కడే ఉంది. ఒక గీతకి ఒక అక్షరం, దాని పక్కన ఒక ఖాళీ: రెండు బైట్లు. పది కోట్లు రాయాలంటే ఇరవై కోట్ల బైట్లు కావాలి. అదే మనం అంకెల్లో రాస్తే 10,00,00,000. తొమ్మిది గుర్తులతో సరి. పదుల స్థానవిలువ పద్ధతిని రూపొందించిన మన పూర్వులు మనకి ఎంత పలక మిగిల్చారో దీన్ని బట్టి లెక్క వేసుకోండి.

స్థానవిలువని మేక్‌కి కూడా నేర్పవచ్చు. సంఖ్యని అంకె అంకెగా విడదీసి, మీరు పలక మీద కూడినట్టే ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టాలి. 47కి 38 కలపాలి. ఒకట్లలో 7 గీతలూ 8 గీతలూ పక్కపక్కన రాస్తే 15. దానిలో పదికి ఒక కట్ట కట్టాలి: ఒక కట్టా, 5 గీతలూ. 5 అక్కడే రాసి, కట్టని పదుల స్థానంలోకి ఒక గీతగా పంపాలి. అక్కడ 4, 3, వచ్చిన 1 కలిసి 8. జవాబు 85. ఏ స్థానంలోనూ 19 గీతలకు మించి అవసరం పడదు: 9, 9, వచ్చిన 1. సంఖ్య ఎంత పెద్దదైనా అంతే! గీతలు, కట్టలు అనే పాత పనిముట్లే. వాటిని స్థానాల వారీగా వాడుకున్నాం. సూత్రం రాయడం మాత్రం కొంచెం పొడుగవుతుంది.

మేక్ తయారుచేసేవాళ్ళు కూడా ఊరికే కూర్చోలేదు. 2013లో వచ్చిన 4.0 కూర్పులో ‘గైల్’ అనే వేరొక భాషను మేక్ లోపలే పిలుచుకునే వీలు కల్పించారు; ఆ భాషకి లెక్కలన్నీ వచ్చు. అయితే కంప్యూటరులో మేక్‌ని గైల్‌తో కలిపి తయారు చేసి ఉండాలి, అన్ని చోట్లా అట్లా ఉండదు. 2022లో వచ్చిన 4.4 కూర్పులో ‘ఇంట్‌కంప్’ అనే సాధనం చేరింది. అది రెండు సంఖ్యల్ని నిజంగా సంఖ్యలుగానే పోల్చి, మొదటిది చిన్నదైతే ఒకటీ, సమానమైతే ఒకటీ, పెద్దదైతే ఇంకొకటీ చేస్తుంది. 32, 35ల గొడవ దానితో తీరింది. కాని ఆ కూర్పులో పోలికే వచ్చింది, కూడిక రాలేదు. ‘సీమేక్’ అనే మరో పనిముట్టులో మొదటి నాలుగు లెక్కలకూ సొంత ఆజ్ఞ ఉంది. లెక్కలు ఎక్కువగా ఉన్నచోట అట్లాంటిదో, బయటి ప్రోగ్రామో వాడుకోవడమే మేలని నా అభిప్రాయం. నాలుగైదు చిన్న లెక్కలే ఉన్నచోట గీతల పద్ధతి హాయిగా సరిపోతుంది.

ఇప్పుడు మీకొక పని. రెండు సంఖ్యల గ.సా.భా. కనుక్కోవడం కట్టలు కట్టడంతోనే అయిపోతుంది. 48, 18 తీసుకోండి. 48 గీతల్ని 18 చొప్పున కట్టలు కడితే 12 మిగులుతాయి. 18ని 12 చొప్పున కడితే 6 మిగులుతాయి. 12ని 6 చొప్పున కడితే ఏమీ మిగలదు. కాబట్టి గ.సా.భా. 6. ఇదే పద్ధతిలో 91, 35 చేసి చూడండి. పలక మీద గీతలు చాలకపోతే చింతగింజలు వాడుకోండి. జవాబు 7 రావాలి.